సీడీలో మిగిలిన చోటు

ప్రభుదాసు మాస్టారు అడిగిన ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పే మనిషి కాదు. తుని బజారులో మేడమీద ఆయన నడిపే కంప్యూటర్ క్లాసు ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. "ఇది నొక్కితే ఏమవుతుంది మాస్టారూ?" అని ఎవరైనా అడిగితే, "నొక్కండి, చూద్దాం" అంటారు. మధ్యాహ్నం బ్యాచీకి వచ్చేవాళ్ళంతా నడివయసు దాటినవాళ్ళు. మౌసును ఇస్త్రీపెట్టెలా పట్టుకుని బల్లంతా తోమేవాళ్ళు. తెరమీద బాణం కనపడకపోతే వంగి బల్లకింద వెతికేవాళ్ళు. అలాంటివాళ్ళకు ఆ "చూద్దాం" అనే మాట వింటేనే చెమటలు పట్టేవి.

ఆ బ్యాచీలో నీలవేణి ఉండేది. ఆమెకు కంప్యూటరు నేర్చుకుని ఎవరినో మెప్పించాలన్న సరదా లేదు. పెన్‌డ్రైవులో ఉన్న మూడు వీడియోలను సీడీలోకి ఎక్కించుకుని ఇంటికి పట్టుకెళ్ళాలి, అంతే. అవి ఆమె భర్త శరభయ్య చెప్పిన బుర్రకథలు. జాతర్లలో కమిటీవాళ్ళు తీయించినవి, వాళ్ళనూ వీళ్ళనూ బతిమాలి సంపాదించింది. ఒకప్పుడు శరభయ్య తంబురా భుజానికెత్తుకుని, చేతి అందె మోగిస్తూ కథలో ఒక పాదం విడిచాడంటే, పక్కన గుమ్మెట వాయిస్తూ "తందాన తాన" అని అందుకునే వంత ఆమే. పెళ్ళయిన కొత్తలో నేర్చుకున్న పని అది. ఆయన విడవాలి, ఈమె అందుకోవాలి. ఇద్దరి కాపురమూ ఇంచుమించు ఆ పద్ధతిలోనే సాగింది.

పోయిన కార్తీకంలో పక్షవాతం వచ్చి శరభయ్యకు మాట పడిపోయింది. కాలూ చెయ్యీ కొంత తేరుకున్నాయి గాని గొంతు మాత్రం పెగల్లేదు. డాక్టరు "చూద్దాం" అన్నాడు. నీలవేణి దాన్ని "వస్తుంది" అని విన్నది. ఇంట్లో బియ్యం కడుగుతూ కడుగుతూ ఆగిపోయేది, ఎవరో పాదం విడుస్తారన్నట్టు చెవి అటు వేసి. ఎవరూ విడిచేవారు కాదు. ఆయన గొంతు కోసం ఆమె మొహం వాచిపోయి ఉంది. ఆ మాట పైకి చెప్పడానికి సిగ్గుపడి, "ఊరికే చూసుకోవడానికి మాస్టారూ" అని చెప్పి క్లాసులో చేరింది.

ఆ రోజు మాస్టారు సీడీ రైట్ చెయ్యడం నేర్పారు. మెరిసే వైపు వేలు తగలకుండా అంచులు పట్టుకోమన్నారు. వీడియోలను ఒక్కొక్కటే లాక్కొచ్చి తెరమీది పెట్టెలో పడెయ్యమన్నారు. తెరమీద 'బర్న్' అన్న మాట చూసి మంట వస్తుందేమోనని ఎవరో కుర్చీ వెనక్కి జరుపుకుంటే అందరూ నవ్వారు. చివర తెరమీద ఒక ప్రశ్న వచ్చింది: ఈ సీడీని మూసెయ్యాలా, తరవాత ఇంకేమైనా చేర్చుకునేలా ఉంచాలా?

"మూసెయ్యండి. మూస్తే ఇక అందులో ఏమీ ఎక్కదు" అన్నారు మాస్టారు.

నీలవేణి చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. "ఇంకా సగం చోటు ఉంది కదా మాస్టారూ. ఎందుకు మూసెయ్యడం?"

"ఆ చోటు దేనికమ్మా?"

"ఆయనకు మాట వచ్చాక చెప్పే కథకి."

ఖాళీ సీడీలు బజారంతా దొరుకుతాయని మాస్టారు చెప్పవచ్చు. మూయకపోతే ఏమవుతుందో కూడా చెప్పవచ్చు. రెండూ చెప్పలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అయితే ఉంచండి. ఇంటికి పట్టుకెళ్ళి పెట్టి చూడండి" అన్నారు. అందుకు ఆయన్ని తప్పుపట్టేవాళ్ళు ఆ బ్యాచీలో ఈనాటికీ ఉన్నారు.

రైటింగు అయ్యాక అక్కడే, ఆ కంప్యూటర్లోనే పెట్టి చూశారు. శరభయ్య తెరమీదికి వచ్చాడు. కమిటీవాళ్ళు మైకు ఆయన ముందు ఒక్కటే పెట్టారేమో, వంతల గొంతు అందులో పడనే లేదు. ఆయన పాదం ఖంగుమని వినిపిస్తుంది, తరవాత గుమ్మెట మోత ఒక్కటే. ఆ వెలితి రాగానే నీలవేణి నోటినుంచి "తందాన తాన" దానంతటదే వచ్చేసింది. పక్కవాళ్ళు తిరిగి చూస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంట్లో శరభయ్య సిద్ధంగా ఉన్నాడు. మేడమెట్లు ఎక్కలేడు గనక క్లాసుకు రాలేడు, పొద్దుటినుంచీ ఎదురుచూపే. స్నానం చేసి, కథకు వెళ్ళేటప్పుడు వేసుకునే పట్టు ఉత్తరీయం వేయించుకుని టీవీ ముందు కుర్చీలో కూర్చున్నాడు. నీలవేణి సీడీని ప్లేయర్లో పెట్టింది. అది గిర్రున తిరిగింది, టిక్కుటిక్కుమంది, తెరమీద డిస్కు లేదని రాసింది. తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ లేదంది. శరభయ్య తెరకేసి చూశాడు, ఆమెకేసి చూశాడు. బాగున్న చేత్తో కుర్చీ చేతిమీద రెండు దెబ్బలు వేశాడు. కథ మొదలుపెట్టే ముందు వంతలకు ఆయన ఇచ్చే సైగ అది, కానీయండి అని. వేసి, ఆగి, ఎదురుచూశాడు.

"ఉన్నాయండీ, అన్నీ అందులోనే ఉన్నాయి. అక్కడ నా కళ్ళతో చూశాను" అంది నీలవేణి.

ఆయన తల ఊపాడు, పిల్లదాన్ని ఓదార్చినట్టు. కోప్పడినా బాగుండేది. ఆమెకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

మర్నాడు అందరికంటే ముందే క్లాసుకు వెళ్ళి సీడీని మాస్టారి బల్లమీద పెట్టింది. "లేదంటోంది మాస్టారూ."

మాస్టారు దాన్ని కంప్యూటర్లో పెట్టారు. శరభయ్య గొంతు ఖంగుమంది. "రాసిన చోట పాడుతుందమ్మా. బయటి ప్లేయరుకు మాత్రం ఇది ఇంకా రాస్తూ ఉన్న సీడీ. అయిపోయిందని మీరు చెప్పేదాకా అది చదవదు" అన్నారు. అని, మూసే ప్రశ్న ఉన్న చోటు తెరిచిపెట్టి, కిటికీ దగ్గరికి వెళ్ళి బజారుకేసి చూస్తూ నిలబడ్డారు.

నీలవేణి తెరమీది ప్రశ్నకేసి చూసింది. అది నొక్కితే, ఆయనకు ఇక మాట రాదని కట్టుకున్నదే తీర్పు చెప్పినట్టు అవుతుంది. డాక్టరు కూడా చెప్పని మాట తను ఎలా చెప్పేది? నొక్కకపోతే మాట వచ్చేదాకా చోటు భద్రంగా ఉంటుంది. కాని ఎంత ఆలోచించినా కుర్చీ చేతిమీద ఆ రెండు దెబ్బలూ, తరవాత ఆయన ఆగిన తీరూ కళ్ళముందునుంచి పోలేదు. ఆ మనిషి వింటానికి కాచుకుని కూర్చుంటే, తను రేపటి కథకు చోటు దాస్తోంది.

నొక్కింది. సీడీ బయటికి వచ్చాక అంచులు పట్టుకుని వెలుతురుకు పెట్టి చూసింది. రాసినంత మేరా రంగు మారి ఉంది. బయటి అంచున మిగిలిన భాగం ఇంకా కొత్తగానే మెరుస్తోంది. ఆ మెరుపు ఇక ఎందుకూ పనికిరాదు. అటు చూడలేక కవరులో పెట్టేసుకుని మెట్లు దిగింది.

మళ్ళీ ఆమె క్లాసుకు వచ్చిన రోజు మాస్టారు అడక్కముందే ఆమే చెప్పింది. ప్లేయరు ఈసారి మారాం చెయ్యలేదట. శరభయ్య తెరమీద తంబురా సవరించుకున్నాడు, కుర్చీలో శరభయ్య ఉత్తరీయం సవరించుకున్నాడు. మొదటి పాదం వచ్చింది. సొంత ఇంట్లో, సొంత గోడలకు తగిలి ఆ గొంతు వినిపించేసరికి నీలవేణికి వంటింటి గుమ్మం దాటి కాలు కదలలేదు.

"పాదం అయిపోయింది మాస్టారూ. గుమ్మెట మోగుతోంది. అప్పుడు వచ్చింది, కుర్చీలోంచి. 'తం... దా...' అని. వంకరగా, ముద్దగా వచ్చింది. నేను కలగన్నాననుకున్నాను. రెండో పాదానికీ వచ్చింది. మా ఆయన జన్మలో వంత పాడలేదు మాస్టారూ. ఎప్పుడూ విడవడమే గాని అందుకోవడం ఎరగడు. ఆ రోజు కథంతా అందుకున్నాడు."

"తరవాత?"

"సీడీ ఆగిపోగానే మామూలే. దాహమేస్తే మంచినీళ్ళని అనలేక చెంబు చూపించాడు. కథ రాలేదు మాస్టారూ. నాకు కావలసింది ఆయన కథ. వచ్చిన ఆ ఒక్క ముక్క కూడా ఎక్కించుకుందామంటే చోటు మూసేసుకున్నాం."

మాస్టారు సొరుగు తీసి కొత్త సీడీ ఒకటి ఆమె ముందు పెట్టారు. దాని సంగతి మాట్లాడకుండా ఇంకోటి అడిగారు.

"ఆ వెలితి వచ్చినప్పుడు ఇక్కడ మీరు అందుకున్నారు కదమ్మా. ఇంట్లో అందుకోలేదా?"

"ఎక్కడ మాస్టారూ. గొంతు పూడుకుపోయింది. నోరు పెగిలితే కదా."

"మీరు అందుకోకుండా వదిలిన ఆ వెలితే, ఆయనకు కావలసిన చోటన్నమాట" అన్నారు మాస్టారు.