నాన్న పద్యానికి పియానో

ఎవరైనా ప్రశ్న అడిగితే రాయప్ప మాస్టారు ముందు పియానో మూత వేసేవారు. జవాబు చెప్పడం, చెప్పకపోవడం ఆ తర్వాతి సంగతి. యానాంలో ఆయన దగ్గర సంగీతం నేర్చుకున్న వాళ్లందరికీ ఆ మూత చప్పుడు తెలుసు.

ఆ రోజు ప్రశ్న ఫిలోమినది. ఆమె తండ్రి ఫ్రెంచి పంతులుగా పనిచేసి కిందటేడు పోయారు. పెట్టె అడుగున ఆయన వయసులో ఉండగా రాసుకున్న ఫ్రెంచి పద్యం ఒకటి దొరికింది. ఆదివారం సంవత్సరీకం. దానికి బాణీ కట్టి, తానే పియానో వాయిస్తూ పాడి తల్లికి వినిపించాలని ఫిలోమిన మూడు నెలలు కష్టపడింది. తల్లి శౌరమ్మకు ఫ్రెంచి ముక్క రాదు. అందుకని పద్యంలో ఉన్నదంతా కూతురు పియానో మీద పలికించింది. గోదావరి అన్నచోట అలలు, గాలి అన్నచోట హోరు, పడవ అన్నచోట తెడ్డు. నిన్న వినిపిస్తే శౌరమ్మ చివరిదాకా విని, "పియానో బాగుందే. మీ నాన్నే ఎక్కడా కనబడలేదు" అంది.

"భాష రాని మనిషికి మాట ఎలా చేరుతుందండీ? ఆదివారం పాడనా, మానేయనా?" అని అడిగింది ఫిలోమిన.

మాస్టారు మూత వేశారు. "మీ అమ్మని తీసుకురా" అన్నారు.

శౌరమ్మ వచ్చి, కుర్చీ వద్దని గడప దగ్గర కూర్చుంది. ఆ పద్యం ఆయన ఎప్పుడు రాశారో చెప్పమన్నారు మాస్టారు.

"పెళ్లయిన నాలుగో రోజండి. రేవు దాటుతున్నాం..."

"పడవా, బల్లకట్టా?"

"పడవేనండి. గాలి లేచింది. నాకు భయమేసి..."

"ఆహా! పడమటి గాలా? తెరచాప ఉందా? అల ఎంతెత్తు లేచింది?"

శౌరమ్మ కొంగు దులుపుకుని లేచింది. "ఆ పడవలో మీరూ ఉన్నట్టున్నారు. మిగతాది మీరే చెప్పేయండి మాస్టారండీ!"

మాస్టారు నవ్వి, చెంపలు వేసుకుని, ఊరుకున్నారు. శౌరమ్మ మళ్లీ కూర్చుంది, ఈసారి కూతురి వైపు తిరిగి. ఫిలోమిన చిన్ననాటి అలవాటుకొద్దీ "ఊ" అంది.

"భయమేసి చెయ్యి పట్టుకున్నానే. ఒడ్డు చేరేదాకా మీ నాన్న ఒక్క మాట ఆడితే ఒట్టు."

"ఊ."

"ఇంటికొచ్చి రాసుకున్నారు. మా అత్తగారూ మరుదులూ చదివేస్తారని సిగ్గు. అందుకని ఆ భాషలో రాశారు. నాకూ రాదన్న సంగతి మర్చిపోయారు, పిచ్చి మారాజు."

ఇన్నేళ్లలో ఈ మాట ఫిలోమిన ఎన్నడూ వినలేదు. ఈసారి ఊ కొట్టడం మరిచిపోయింది.

మాస్టారు పియానో మూత తీశారు. "ఇందాక ఎన్నిసార్లు ఊ కొట్టావమ్మాయ్?"

"ఏమోనండీ, చూసుకోలేదు."

"అయితే పాడు."

ఫిలోమిన కూర్చుంది. అలలు వదిలేసింది, హోరు వదిలేసింది. ఒక పాదం పాడి, చివర ఊ కొట్టినట్టు పియానో మెట్లు రెండు మెత్తగా నొక్కి ఆగింది. రెండో పాదం పాడి, మళ్లీ ఆ రెండే. మూడో పాదం అయ్యాక వేళ్లు మెట్లను తాకకముందే గడప దగ్గర్నుంచి వినబడింది.

"ఊ."

ఫిలోమిన చేతులు అలాగే నిలిచిపోయాయి. వెనక్కి తిరగబోయింది.

"ఆగకు" అన్నారు మాస్టారు. "ఆయన ఇంకా చెబుతున్నారు."