దాపటికి మారిన కోడె

ఒక ఊళ్ళో కోడెలకు కాడి నేర్పే ముసలాయన ఉండేవాడు. ఆయన దొడ్డిని ఊరంతా బడి అనేది, ఆయన్ని పంతులు అనేది. ఆ పిలుపు చెవిన పడితే ఆయన మీసం ఇంకో మెలిక తిరిగేది.

ఆయన పద్ధతి ఒక్కటే. కాడికి కుడి పక్క వలపట, ఎడమ పక్క దాపట. కొత్త కోడె ఏదైనా సరే వలపటే కట్టాలి. దాపట ముసలి ఎద్దు నడుస్తుంది, దాన్ని చూసి ఇది నేర్చుకుంటుంది. నోటితో అదిలించడం ఆయనకు నామోషీ. చర్నాకోలే మాట్లాడేది.

చదువు ముగిశాక కోడె గలవాళ్ళు పంతులు మెడలో కొత్త కండువా వెయ్యాలి. పల్చటి కండువా తెచ్చినవాడి గుమ్మం ఆయన మళ్ళీ తొక్కేవాడు కాదు.

ఒక వేసవిలో, మొగుడు పోయిన ఒకామె ఎర్ర కోడెను తోలుకొచ్చింది.

"మామా, నాకున్నది ఇదొక్కటే. జతకు మా మరిది ఎద్దునిస్తానన్నాడు. ఏరువాక నాటికి దీనికి కాడి రాకపోతే కటికవాడికి ఇవ్వక తప్పదు."

"నా బడికొచ్చిన గొడ్డు కటికవాడి మొహం చూడదు. పోయి నిశ్చింతగా ఉండు" అన్నాడు ముసలాయన.

కాడి ఎక్కిన మరుక్షణం ఎర్ర కోడె ముసలి ఎద్దును కుమ్మింది. పలుపు తెంపింది. చర్నాకోల పడేకొద్దీ ఇంకా రేగింది. తన తెల్లకోడెను బడికి తెచ్చి గోడమీద కూర్చున్న ఆసామి ఒకడు నవ్వాడు.

"ఏం మామా, నువ్వు దానికి నేర్పుతున్నావా, అది నీకు నేర్పుతోందా?"

ముసలాయన ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. కోడె తన పరువు తియ్యడానికే పుట్టిందనుకున్నాడు. తొలకరి మబ్బు పట్టింది. ఆమె వచ్చి, కోడె ఇంకా కాడికి లొంగలేదని చూసి, పలుపు విప్పబోయింది.

"నన్ను కూడు తిననియ్యమ్మా, తర్వాత తోలుకుపో" అన్నాడు ఆయన, తల ఎత్తకుండా.

సంగటి ముద్ద చేతిలో పట్టుకుని కోడెకు ఎదురుగా చతికిలబడ్డాడు. కసి తీరా దాన్నే చూస్తున్నాడు. ఒక ఈగ వచ్చి దాని ఎడమ కంటి గుడ్డు మీదే వాలింది. రెప్ప పడలేదు.

ముద్ద పక్కన పెట్టి లేచాడు. ఎడమ కంటి ముందు చెయ్యి ఆడించాడు. కోడె కదల్లేదు. కుడి పక్కకు వెళ్ళి ఆడించాడు. తల విదిలించింది.

వలపట కడితే తోడు నడిచే ఎద్దు ఉండేది ఆ ఎడమ పక్కే. దెబ్బ వచ్చిందీ ఆ పక్కనుంచే.

"ఓసి నీ దుంప తెగ! తిరగబడ్డావనుకున్నా. బెదిరిపోయావటే!"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కొత్త కోడెను దాపట కట్టి పొలంలోకి తోలాడు. చర్నాకోల దూలంలో దోపాడు. కోడెకు ఎడమ పక్కన తను నడిచాడు. తను అక్కడున్నట్టు దానికి తెలియాలంటే మాట్లాడాలి. గొడ్డుతో ఏం మాట్లాడాలో తెలియక, పల్చటి కండువాలు తెచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే తిట్టుకుంటూ నడిచాడు. కోడె చెవి ఆయన వైపే తిప్పుకుని, తోడు ఎద్దును చూసుకుంటూ, అడుగు వంకర పోకుండా సాగింది. పొలం చివర మలుపు తిరిగేసరికి ఆయన దగ్గర తిట్లు అయిపోయాయి. ఇక మంచీచెడూ చెప్పడం మొదలుపెట్టాడు.

ఏరువాక నాడు ఆమె చేను దున్నాక, చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ ఎర్రంచు కండువా తెచ్చింది. మందంగా ఉంది.

"నీ రుణం తీర్చుకోలేను మామా. మెడ వంచు."

"ఇలా ఇయ్యి. పంతులుకే కదా వెయ్యాలి" అని ముసలాయన దాన్ని అందుకున్నాడు.

కోడెకు ఎడమ పక్కగా నడిచాడు. రెండడుగుల దూరంలోనే ఆగాడు.

"ఇదిగో, వస్తున్నా" అని చెప్పి, కండువా దాని మెడలో వేశాడు.