దేవుడి గూట్లో గులాబీ కాగితం

నగరం శివారు బడిలో లెక్కలు చెప్పే హైమవతి టీచరుకి లోపం ఒక్కటే ఉండేది: ఇచ్చినవాళ్ళ ఎదుట కాగితం చదివితే వాళ్ళని అనుమానించినట్టు ఉంటుందని, దేని మీదైనా చదవకుండానే సంతకం పెట్టేసేది.

ఆమెకో తీరని కోరికా ఉండేది. ఈత. చిన్నప్పుడు ఊరి కాలవలో చేపపిల్లలా ఈదేది. పన్నెండేళ్ళు నిండాయో లేదో, "ఆడపిల్లవి, ఇక చాలు" అని ఒడ్డుకి లాగేశారు. అదే ఆఖరు. ముప్ఫై నాలుగేళ్ళు గడిచినా, బస్సు వంతెన ఎక్కితే చాలు, కిటికీకి అతుక్కుపోయేది. నీళ్ళు కనుమరుగయ్యేదాకా పక్క సీటామె మాటలు వినపడేవి కావు.

అలాంటి మనిషి కంట్లో నీలవేణి అపార్ట్‌మెంట్లు పడ్డాయి. మధ్యలో క్లబ్బు, దాని వెనక ఈతకొలను. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా ఆడవాళ్ళకే అని బోర్డు. మూడో అంతస్తులో కోదండపాణిగారి ఫ్లాటు అమ్మకానికి ఉంది. బాల్కనీలో నిలబడితే కింద నీళ్ళు తళతళలాడుతున్నాయి. హైమవతి వంటగది చూడలేదు, కుళాయి తిప్పలేదు. "తీసుకుంటానండీ" అనేసింది.

ఇళ్ళ అమ్మకాల్లో క్లబ్బుల పేరు చెప్పి జనం దగ్గర గుంజడం ఎక్కువైందని ఆ యేడే ఆ రాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసింది. ఇల్లు అమ్మేవాడు బయానా పుచ్చుకునే ముందే క్లబ్బు సంగతంతా గులాబీరంగు కాగితం మీద విడిగా రాసి కొనేవాళ్ళకి ఇవ్వాలి. వారం గడువు. ఆ లోపల "సభ్యత్వం కావాలి" అన్న గడిలో టిక్కు పెట్టి ఇస్తే, అమ్మేవాడు తన సభ్యత్వాన్ని తన ఖర్చుతోనే వాళ్ళ పేరుకి మార్చాలి. గడి ఖాళీగా ఉంటే అక్కర్లేదన్నట్టే. తర్వాత కావాలంటే కొత్త సభ్యుల్లాగా రుసుం మొత్తం కట్టుకోవాల్సిందే. సభలో నాలుగు రోజులు గొంతులు చించుకుని మరీ చేసిన చట్టం అది.

బయానా ఇచ్చే ఆదివారం రానే వచ్చింది. కోదండపాణిగారు కాగితాల అంచులకి పసుపు రాసి, కుంకుమ పెట్టి ముందుంచాడు. పైన గులాబీ కాగితం.

"ఇదేంటండీ అన్నయ్యగారూ?"

"క్లబ్బు కాగితం టీచరమ్మా. కొత్త చట్టం కదా! తీరిగ్గా చదువుకోండి," అన్నాడు. అంటూనే వాచీ చూసుకున్నాడు. "పదీ నలభైకి వర్జ్యం వచ్చేస్తుంది మరి."

హైమవతికి రెండో మాటే చెవికెక్కింది. లా చదువుతున్న కూతురు మేదిని ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"అమ్మా, చదువు."

"పెద్దమనిషి ఎదురుగా కూర్చుంటే ఏం చదువుతానే? బాగుండదు."

"బడిలో పిల్లల్ని ప్రశ్న రెండుసార్లు చదవమంటావు. నువ్వు ఒక్కసారి కూడా చదవవా?"

"శుభమా అని ఇల్లు కొనుక్కుంటుంటే ఇక్కడ కోర్టు పెట్టకు తల్లీ!"

కోదండపాణిగారు పెద్దగా నవ్వాడు. సంతకం పడిపోయింది. నాలుగు రోజుల చట్టానికి నాలుగు సెకన్లు పట్టలేదు.

"పోనీ ఇంటికెళ్ళాక చదువు. వారం టైముంది," అంది మేదిని హాస్టలుకి బయల్దేరుతూ.

"అలాగేలే," అంది హైమవతి. కానీ పసుపు కుంకుమ పెట్టిన కాగితాలాయె! రిజిస్ట్రేషను అయ్యేదాకా ఎవరి కళ్ళూ పడకూడదని, వాటిని ఎర్రగుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టింది. రోజూ వాటికి దణ్ణం పెట్టింది. విప్పింది మాత్రం లేదు. వారం వెళ్ళిపోయింది.

ఆ రోజుల్లోనే పొడుగు చేతుల ఈతబట్టలు కొనుక్కుంది. తలుపు గడియపెట్టి తొడుక్కుని అద్దంలో చూసుకుని, తనలో తనే సిగ్గుపడింది. "ఈ వయసులో ఈతేంటి టీచర్, బరువు తగ్గడానికా?" అని స్టాఫ్‌రూములో ఆటపట్టించారు. "కాదమ్మా, కాసేపు బరువు తెలియకుండా ఉండడానికి," అంది హైమవతి.

ఉన్నదంతా ఊడ్చి డబ్బు కట్టింది. రిజిస్ట్రేషను అయింది. పాలు పొంగించిన మర్నాడు ఆరింటికి, భుజాన తువ్వాలుతో క్లబ్బు గుమ్మం ముందు నిలబడింది.

"మీ పేరు లేదు మేడమ్," అన్నాడు మేనేజరు.

"కోదండపాణిగారి ఫ్లాటు మాదేనండీ."

అతను ఫైల్లోంచి, కోదండపాణిగారు క్లబ్బుకి ఇచ్చిన గులాబీ కాగితం నకలు తీశాడు. "గడి ఖాళీగా ఉంది చూడండి. కింద 'చదివి అర్థం చేసుకున్నాను' అని మీ సంతకం. ఇప్పుడు చేరాలంటే నాలుగు లక్షలు."

హైమవతి అక్కడే నిలబడి, ఆ కాగితాన్ని మొదటిసారి మొదట్నుంచి చివరిదాకా చదివింది. అంతా తెలుగే. బడిపిల్లలకి కూడా అర్థమయ్యే తెలుగు.

ఫోన్ చేస్తే కోదండపాణిగారు నొచ్చుకున్నాడు. "నేను దాచలేదు కదా టీచరమ్మా. చదువుకోమనే చెప్పాను. టిక్కు పెట్టి ఇస్తే నా ఖర్చుతోనే మార్పించేవాణ్ణి. మీరు అడగలేదు, నేనూ గుర్తుచెయ్యలేదు."

మేదిని హాస్టలు నుంచి ఉరుకులు పరుగుల మీద వచ్చింది. "వర్జ్యం పేరు చెప్పి తొందరపెట్టాడమ్మా! కేసు వేద్దాం."

"ఎవరి మీదే?" అంది హైమవతి. "నా సంతకం మీదా?"

మేదిని చట్టాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఎక్కడా సందు దొరకలేదు.

హైమవతికి ఇప్పటికీ పొద్దున ఆరింటికల్లా మెలకువ వస్తుంది. కాఫీగ్లాసుతో బాల్కనీలో నిలబడుతుంది. కింద ఆడపిల్లలు దూకుతుంటారు, కేరింతలు కొడుతుంటారు. కాఫీ చల్లారిపోతుంది.

ఒకరోజు ఓ పిల్ల నీళ్ళలోంచి తలెత్తి అరిచింది: "ఆంటీ, దిగండి! నీళ్ళు ఎంత బావున్నాయో!"

"రేపొస్తానమ్మా!"

"రోజూ రేపే అంటారు!" అని ఆ పిల్ల మళ్ళీ మునిగింది.

నీతి: చట్టం మన హక్కుని కాగితం మీద రాసి చేతిలో పెట్టగలదు గానీ, మన బదులు చదవలేదు; మొహమాటపడి చదవకుండా సంతకం పెడితే, మన హక్కుని మన చేత్తోనే కొట్టేసుకున్నట్టు.