రబ్బరు లేని బ్రేకు

అనగనగా, సముద్రపు గాలి తగిలే ఒక ఊళ్ళో, బైరాగి అని ఒకాయన ఉండేవాడు. ఊఁ కొట్టు తల్లీ. ఊఁ కొడుతూ వింటేనే కథ ముందుకు నడుస్తుంది.

ఆ ఊరి చుట్టూ వరిచేలు లేవు, తోటలు లేవు. ఎటు చూసినా ఉప్పు మళ్ళే. ఎండ కాసిందంటే చాలు, పిండి ఆరబోసినట్టు తెల్లగా మెరిసేవి. బైరాగి ఆ ఉప్పు బస్తాకెత్తి, సైకిలు మీద వేసుకుని, ఊరూరా తిరిగి అమ్మేవాడు. "ఉప్పోయ్, ఉప్పూ" అని అతను కేక పెడితే ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని వీధిలోకి వచ్చేవాళ్ళు.

ఆ ఉప్పు మనుషులకి అన్నం పెట్టేది. ఇనుముని మాత్రం తినేసేది. ఎంత ఖరీదు పెట్టి తెచ్చిన చైనయినా, చువ్వయినా, ఆ గాలికి ఒకటే. ముందు మచ్చ పడేది. ఆ తర్వాత పొక్కు లేచేది. ఆ తర్వాత ముట్టుకుంటే పొడిపొడిగా రాలేది. అందుకని ఆ ఊరివాళ్ళు సైకిలుకి ఎప్పుడూ చవక సామానే వేసేవాళ్ళు. అది పోతే మళ్ళీ చవకదే తెచ్చి వేసేవాళ్ళు.

బైరాగి భార్య నూకాలు నవ్వుతూ అనేది: "ఉప్పుకి ఖరీదు తెలుస్తాదేటి? దాని నోటికి అన్నీ ఒకటే." అంటూనే, బైరాగి ఇంటికి రాగానే సైకిలుని మంచినీళ్ళతో కడిగి, నూనె గుడ్డతో తుడిచిపెట్టేది.

మరి బ్రేకుల సంగతో? అన్నిటికన్నా ముందు బ్రేకు కడ్డీలే పోయేవి. అప్పుడు ఆ ఊరివాళ్ళు ఏం చేశారంటే, పాత లారీ టైరు కోసి, కాలికి జోళ్ళు కుట్టించుకున్నారు. దిగుడు వచ్చినప్పుడు ఒక కాలు ముందుకు చాచి, ఆ జోడుని ముందు చక్రం మీద అదిమిపెట్టేవాళ్ళు. సర్రుమని చప్పుడు చేస్తూ బండి నెమ్మదించేది. ఆ ఊళ్ళో బ్రేకంటే అదే.

బైరాగికి పైడి అని ఒక కూతురు. నీ అంత ఉంటుంది. సైకిలు ముందు కడ్డీ మీద తువ్వాలు మడిచి వేసి, బైరాగి దాన్ని కూర్చోబెట్టుకుని తిప్పేవాడు. అదే టైరు ముక్కతో దానికీ చిట్టి జోళ్ళు కుట్టించాడు. దిగుడులో బైరాగి చక్రం మీద కాలు వేయగానే, పైడి ఆ కాలి మీద తన కాలు వేసేది. "ఇది మా ఇద్దరి బ్రేకు" అని ఊరంతా చెప్పుకునేది. విన్నవాళ్ళంతా ముచ్చటపడేవాళ్ళు.

ఇలా ఉండగా ఒకనాడు కబురొచ్చింది. నూకాలు తమ్ముడు అప్పలకొండ పట్నం నుంచి వస్తున్నాడట. గేర్ల సైకిలు కొన్నాడట. దాని మీదే వస్తున్నాడట.

అప్పుడు బైరాగి తన సైకిలు వైపు చూశాడు. సిగ్గు ఎలా పుడుతుందో చూశావా తల్లీ? నిన్నటి దాకా అదే సైకిలు, అదే బైరాగి. ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా, రాబోయే మనిషి కన్నా ముందు ఆ మనిషి చూపు వచ్చి వాకిట్లో కూర్చున్నట్టయింది. ఆ చూపుతో బైరాగి తన బండిని తానే చూసుకున్నాడు. చూసుకుని చిన్నబోయాడు.

ఆ తర్వాత అతను అటక మీద నుంచి పాత బ్రేకు కడ్డీలు దించాడు. చింతపండు పెట్టి తళతళలాడేలా తోమాడు. తీగతో హ్యాండిలుకి బిగించి కట్టాడు. చక్రాన్ని పట్టుకోవలసిన రబ్బర్లు మాత్రం అందులో లేవు. సంతలో అవి చవగ్గానే దొరుకుతాయి. కానీ అంత కిందికి వంగి చూసేదెవరు అనుకున్నాడు.

ఆ తర్వాత కూతుర్ని దగ్గరికి పిలిచాడు.

"పైడీ, మన జోడు బ్రేకు సంగతి మావకి చెప్పకేం."

"ఏం నాన్నా?"

"నవ్వుతాడమ్మా."

"నవ్వితే ఏటవుద్ది?"

బైరాగి అరచెయ్యి చాచి "ఒట్టెయ్యి" అన్నాడు. పైడి తన చిన్న చెయ్యి అందులో పెట్టింది.

అప్పలకొండ రానే వచ్చాడు. నిజానికి చెడ్డవాడు కాదు. నోరే కాస్త దురుసు. సైకిలు దిగీ దిగకముందే బావగారి బండి చుట్టూ తిరిగాడు.

"ఏటి బావా, దీనికి గంటేదీ?"

"నా గొంతు నేదేటి?" అన్నాడు బైరాగి. అది నిజమే. అందరూ నవ్వారు.

"సీటుకి ఈ పీచేటి? పిచికలకి అద్దెకిచ్చావా?"

"అలాగైతే చల్లగా ఉంటాది." అది సగం నిజం. సీటు చిరిగి చాలా కాలమైంది.

"బ్రేకులు మాత్రం మెరిసిపోతన్నాయి బావా. ఎక్కడివి?"

అప్పుడు బైరాగి గొంతు సవరించుకుని, "పట్నంవే. ఖరీదైనవే" అన్నాడు. అందులో నిజం ఆవగింజంత కూడా లేదు. పైడి తండ్రి ముఖంలోకి చూసి, తన జోళ్ళని గుమ్మం చాటుకి జరిపింది.

మర్నాడు అప్పలకొండ ఉప్పు మళ్ళ గట్ల మీద తన కొత్త సైకిలు తిప్పాడు. చక్రాల నిండా ఉప్పునీళ్ళు చిమ్మాయి. "కడుగురా తమ్ముడూ" అంది నూకాలు. "దీని ఖరీదు తెల్దక్కా నీకు. దీనికి తుప్పు రాదు" అన్నాడు. అంతే, అలాగే వదిలేశాడు. సంత రోజు పొద్దున్న చూసేసరికి చైను తెల్లగా పూసి బిగుసుకుపోయింది. గేరు ఇటూ పడలేదు, అటూ పడలేదు.

నూకాలు అప్పటికే మళ్ళలో ఉప్పు లాగడానికి వెళ్ళిపోయింది. అప్పలకొండ కాసేపు తంటాలు పడి, విసిగి, "బావా, నీ బండియ్యి. పైడిని సంతకి తీసుకెళ్ళి జిలేబీ తినిపించుకొస్తాను" అన్నాడు.

సంత ఉప్పుటేరు అవతల ఉండేది. కింద నుంచి ఉప్పు పడవలు పోవాలని ఆ ఏటి మీద వంతెన ఎత్తుగా కట్టారు. ఎక్కడానికి ఆయాసం. దిగడానికి భయం. దిగిన చోటే మలుపు. మలుపు పక్కనే ఉప్పు మడి.

అప్పుడే బైరాగి చెప్పి ఉండాల్సింది. ఒక్క మాట. "అందులో రబ్బర్లు లేవు, దిగుడులో కాలు వెయ్యి." అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు.

అప్పలకొండ హ్యాండిలు పట్టుకున్నాడు. చెబుదామనుకున్నాడు బైరాగి. ఎదురింటి అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు. ఊరుకున్నాడు.

ఆ తర్వాత పైడి తన జోళ్ళు తొడుక్కొచ్చి, కడ్డీ ఎక్కి, కాళ్ళు సర్దుకుని, తండ్రి వైపు చూసింది. ఆ చూపు ఒక ప్రశ్న. బైరాగికి అర్థమైంది. అర్థమై, ముఖం తిప్పుకున్నాడు.

ఆ తర్వాత బండి కదిలింది. అప్పుడు బైరాగి నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి వేరే మాట వచ్చింది. "నెమ్మదిగా ఎల్లు" అన్నాడు.

బండి వీధి మలుపు తిరిగింది. ఒక మనిషి నవ్వుకి జడిసి, కన్నబిడ్డని ఎక్కడ కూర్చోబెట్టాను? ఆ ఆలోచన రాగానే బైరాగి పరుగందుకున్నాడు. గట్ల మీదుగా అడ్డదారిన పరిగెత్తాడు. "అప్పలకొండా! కాలు! కాలెయ్యి!" అని అరిచాడు. ఊళ్ళకి ఊళ్ళు లేపే గొంతు అది. ఆ రోజు ఎదురుగాలి దాన్ని వెనక్కే తోసేసింది.

అతను చూస్తూండగానే సైకిలు వంతెన నెత్తి మీదికి చేరింది. కిందికి వాలింది. అప్పలకొండ బ్రేకులు నొక్కుతున్నాడు. మెరిసే కడ్డీలు ఎండలో మెరుస్తూనే ఉన్నాయి. బండి ఆగలేదు.

అప్పుడు బైరాగికి ఇంకొకటి కనిపించింది. కడ్డీ మీద నుంచి ఒక చిన్న కాలు ముందుకు సాగింది. చక్రం మీద ఆనింది. ఎగిరిపడింది. మళ్ళీ ఆనింది. ఈసారి తీయలేదు.

బండి కాస్త నెమ్మదించింది. కాస్తే. మలుపు తిరగలేక గట్టు దిగి, ఉప్పు మడిలో పడింది.

భయపడకు తల్లీ, ఎవరికీ ఏమీ కాలేదు. మడిలో నీళ్ళు మోకాలి లోతు కూడా ఉండవు. అప్పలకొండ ఒళ్ళంతా తెల్లగా లేచాడు. మళ్ళలో పనిచేసేవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళలో నూకాలు కూడా ఉంది. పైడి జోడు ఒకపక్క అరిగి తెగిపోయింది. పాదం గీసుకుపోయింది. ఆ గీరుడు మీద ఉప్పునీళ్ళు. ఎంత మండుతుందో ఆలోచించు. అయినా అది ఏడవలేదు. బైరాగి వచ్చి ఎత్తుకోగానే, అతని చెవి దగ్గర నోరు పెట్టి మెల్లిగా అంది:

"నాన్నా, నేను మావకి చెప్పనేదు."

ఆ మాటకి బైరాగికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పలకొండ ఎగతాళి చేసి ఉంటే ఎంత సిగ్గు కలిగేదో, అదంతా ఈ సిగ్గు ముందు ఏపాటిది?

ఇంతలో అప్పలకొండ తడబడుతూ దగ్గరికొచ్చాడు. "తప్పు నాదే బావా. గట్టిగా నొక్కి నీ ఖరీదైన బ్రేకులు పాడుచేశాను. పట్నం నుంచి కొత్తవి తెస్తాను" అన్నాడు.

చూశావా, ఎంత సులువైన దారి దొరికిందో. తల ఊపితే చాలు. చుట్టూ ఊరంతా ఉంది. బైరాగి తల ఊపలేదు.

"నువ్వేం పాడుచెయ్యలేదు. అందులో రబ్బర్లే నేవు. నువ్వు నవ్వుతావని దాచాను. దీని చేత కూడా దాయించాను" అన్నాడు.

అప్పలకొండ వంగి, ఖాళీ బ్రేకులు చూశాడు. అతనికి నవ్వు రాలేదు. "నవ్వితే నవ్వేవోణ్ణి బావా! నా మేనకోడల్ని ఎక్కించావే" అన్నాడు. నూకాలు తాగడానికి తెచ్చుకున్న కుండలోని మంచినీళ్ళన్నీ కూతురి పాదం మీద పోసింది. భర్త వైపు చూడలేదు. ఆ చూడకపోవడం బైరాగికి చాలా కాలం గుర్తుండిపోయింది.

ఆ తర్వాత బైరాగి సంతకెళ్ళి బ్రేకు రబ్బర్లు కొన్నాడు. ఉన్నవాటిలో చవకవే కొన్నాడు. అప్పలకొండ పట్నం సామాను పంపుతానంటే, "వద్దు, ఇక్కడి గాలికి ఇవే చాలు. అరిగితే మారుస్తాను" అన్నాడు. ఈసారి అలా అనడానికి సిగ్గుపడలేదు. ఎవరైనా బండి అడిగితే, ఇచ్చే ముందే చెప్పేవాడు: "రబ్బర్లు నాసిరకం. ముందు నుంచే నొక్కు."

బండి బాగుపడింది. పాదం మానింది. పైడికి మాత్రం ఒక అలవాటు మిగిలింది. ఏ మాట చెప్పాలన్నా ముందు తండ్రి చెవి దగ్గరికి వచ్చేది. "ఇది చెప్పొచ్చా నాన్నా?" అని అడిగేది. రాత్రి పులుసు బాగుందని చెప్పాలన్నా అడిగేది. మేక ఈనిందని చెప్పాలన్నా అడిగేది. అడిగినప్పుడల్లా బైరాగి తల దించుకుని, "అన్నీ చెప్పొచ్చమ్మా" అనేవాడు. పైడి నమ్మేది కాదు. నమ్మకం సంతలో దొరికే వస్తువు కాదు కదా.

అలా ఎండాకాలం పోయింది, వానలు పోయాయి. మళ్ళీ మళ్ళు తెల్లబడ్డ ఒక పొద్దున్న, తండ్రీ కూతురూ ఉప్పు బస్తాతో వంతెన ఎక్కారు. నెత్తి మీదికి చేరాక కిందికి చూస్తే, దిగుడు పొడవునా జనం. బైరాగి కేక వేయబోయాడు. అంతకన్నా ముందే, ఎవర్నీ అడక్కుండా, ముందు కడ్డీ మీద నుంచి ఒక సన్నని గొంతు లేచింది.

"తప్పుకోండోయ్! మాది చవక బ్రేకు!"

జనం నవ్వుతూ పక్కకి జరిగారు. బైరాగి బ్రేకు నొక్కాడు. కళ్ళలో నీళ్ళు తిరిగి దారి మసకగా కనబడింది. అయినా బండి మలుపు దగ్గర బుద్ధిగా నెమ్మదించింది.

ఉప్పేమో కూరకి,
బండేమో చూరుకి,
కథేమో కంచికి,
కన్నేమో నిద్రకి.