గాసెమ్మ మనవరాలి చేప

ఊఁ కొడతామంటేనే చెప్తాను. మధ్యలో కునికేవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోండి. ఇది నవ్వుకునే కథ కాదు, ముందే చెప్తున్నాను.

అనగనగనగా, మన తాతల తాతలకి ఇంకా బొడ్డూడని కాలంలో, మబ్బులు కూడా ఆయాసపడి ఆగిపోయేటంత ఎత్తు కొండ ఒకటుండేది. కొండ నెత్తిన ఒక మడుగు. అందులో నీళ్ళు చెయ్యి పెడితే కొరికేసేంత చల్లన. ఆ చల్లదనంలోనే బతుకుతుంది చుక్కచేప. ఒంటి నిండా ఎర్రచుక్కలు. కింద ఏట్లో వదిలితే బతకదు.

కొండ కింద ఊరు. ఊళ్ళో గాసెమ్మ అని ఒక ముసలమ్మ. కొడుకూ కోడలూ ఒకే జ్వరానికి పోయారు. మిగిలింది చిలకమ్మ అని ఒక్కగానొక్క మనవరాలు. గాసెమ్మ ఆ మడుగులో గాలం వేసుకుని పిల్లని సాకేది. అబద్ధం ఆడడం ఆవిడకి చేతకాదు. మంచితనమో, తెలివితక్కువతనమో, నాకిప్పటికీ తేలలేదు.

ఆ మడుగుకి ఒక కట్టుబాటు ఉంది. తొలకరి రోజుల్లో చుక్కచేప గుడ్లతో ఉంటుంది. అప్పుడు కడుపుతో ఉన్న చేప పడితే నీళ్ళలోకి వదిలెయ్యాలి. ఒకప్పుడు జనం అడ్డూ అదుపూ లేకుండా పట్టేస్తే మడుగు వట్టిపోయి, ఊరంతా అడవిలో గడ్డలు తవ్వుకు తిందట. అందుకని ఊరి పూజారి అవతలి గట్టున కూర్చునేవాడు. పూజారిని అక్కడ జన్ని అంటారు. ఈయన పేరు పొత్తన్న జన్ని. ఎవరి గాలానికి చేప పడినా అవతలి నుంచి కేకేస్తాడు.

"కడుపుతో ఉందేటి?"

పట్టినవాళ్ళు బొటనవేలితో పొట్ట నొక్కి చూసి, ఉంటే ఉందనాలి, లేకపోతే లేదనాలి. అంత దూరం నుంచి ఆయనకేం కనబడుతుంది, నా మొహం! అంతా మాట మీదే నడిచేది. మాట తప్పినవాళ్ళకి ఊళ్ళో ఎవరూ పొయ్యిలోకి నిప్పు ఇవ్వరు.

ఆ ఏడు అంబలి కూడా పలచబడిపోయింది. తొలకరి పడుతూనే చిలకమ్మకి జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ పిల్ల లేవలేదు. అంబలి పోస్తే కక్కేసింది. గంజి పోస్తే కక్కేసింది. తేనెనీళ్ళు పోస్తే అవీ కక్కేసింది.

"మామ్మా, సేప నీళ్ళు కాసియ్యే," అంది.

చుక్కచేప ఉడికించిన నీళ్ళు ఎంత నీరసపడ్డ కడుపులోనైనా నిలుస్తాయని ఆ ఊళ్ళో నమ్మకం.

"తెత్తాను తల్లీ. నానొచ్చీదాకా ఉండు."

"ఉంటాను," అంది పిల్ల.

ఉంటానంది, పాపం.

పొరుగావిడని పిల్ల దగ్గర కూచోబెట్టి, గాసెమ్మ గాలం భుజాన వేసుకుని కొండెక్కింది. మడుగు దగ్గర గాలం వేసి, తాడుకి కట్టిన తేలే బెండు మీదే కళ్ళు పెట్టింది. బెండు మునిగింది. లాగితే చుక్కచేప! ఆవిడ గుండె ఎగిరి గంతేసింది. బొటనవేలితో నొక్కింది. గుడ్లు.

"కడుపుతో ఉందేటి?"

"ఉంది, జన్నీ."

"ఒగ్గేయ్."

వదిలేసింది. మళ్ళీ వేసింది. పొద్దు నడినెత్తికి వచ్చింది. బెండు మునిగింది. చుక్కచేప. నొక్కింది. గుడ్లు.

"కడుపుతో ఉందేటి?"

"ఉంది, జన్నీ. నా మనవరాలు మంచాన ఉంది. ఈ ఒక్కటీ నాకొగ్గేయ్, నీ కాళ్ళు మొక్కుతాను."

ఆయన దుర్మార్గుడు కాడు, ఆ మాట ఒప్పుకోవాలి. లేచి నీళ్ళ అంచుదాకా వచ్చాడు. తర్వాత అన్నాడు, "అందరి ఇళ్ళల్లోనూ పిల్లలున్నారు, గాసెమ్మా. ఇయ్యేల నీకొకటి, రేపు ఇంకొకరికి ఒకటి. మడుగు ఏటైపోవాల? ఒగ్గేయ్."

వదిలేసింది. మళ్ళీ వేసింది. ఎంతకీ బెండు కదల్లేదు. పొద్దు వాలింది. అప్పుడు మునిగింది. చుక్కచేప. నొక్కింది. గుడ్లే, మళ్ళీ గుడ్లే.

"కడుపుతో ఉందేటి?"

గాసెమ్మ నోరు తెరిచింది.

"నేదు," అంది.

పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఆడిన అబద్ధం అదొక్కటే. చేపని తడి ఆకుల్లో చుట్టి కొండ దిగింది. దిగిందంటే పరిగెత్తింది, పడింది, లేచింది, మోకాళ్ళు చీరుకుపోయినా ఆగలేదు. గుమ్మంలోకి వచ్చేసరికి పొరుగావిడ బయటే నిలబడి ఉంది.

"ఇప్పుడే, గాసెమ్మా. ఇప్పుడే. 'మామ్మ వచ్చేసిందా' అని అడిగింది."

చేప చేతిలోంచి జారి గడప మీద పడి చిట్లింది. గుడ్లన్నీ బయటపడ్డాయి. గుమ్మం ముందు చేరినవాళ్ళంతా చూశారు.

ఊరు ఊరంతా ఒకటే మాట. "అబద్ధం ఆడింది, మడుగు పిల్లని తీసుకుంది."

గాసెమ్మ ఏడవలేదు. వాళ్ళ వైపు తిరిగి అంది, "అబద్ధం ఆడినందుకు కాదర్రా. రెండుసార్లు నిజం చెప్పినందుకు. మొదటి సేపకే ఆడేసుంటే నా గుంట చిలకమ్మ బతికేది."

ఆ మాట విన్నాక ఊరివాళ్ళు ఏం చేశారు? నిప్పు ఇవ్వడం మానేశారు. ఆవిడా అడగలేదు. ఎవరికి వండాలని అడుగుతుంది?

పిల్లని పూడ్చి, ఆవిడ కొండెక్కి మడుగు గట్టునే ఉండిపోయింది. గాలం ముట్టుకోలేదు. ఎవరి బెండు మునిగినా జన్ని కంటే ముందు తనే కేకేసేది.

"ఎవరికయ్యా ఆ సేప? ఎవరికి?"

కొందరు కసిరారు. కొందరు పిచ్చిదన్నారు. అందరూ చేప పట్టుకుని దిగిపోయారు. ఆ చలికాలంలో ఒకరోజు తెల్లవారి చూస్తే, గట్టున కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. ఒళ్ళంతా మంచు.

మళ్ళీ తొలకరి వచ్చింది. ఈసారి జన్ని మనవడికి జ్వరం. అంబలి నిలవలేదు, గంజి నిలవలేదు, తేనెనీళ్ళు నిలవలేదు. ముసలాయన గాలం పట్టుకుని తనే కొండెక్కాడు. బెండు మునిగింది. చుక్కచేప. నొక్కితే గుడ్లు.

అవతలి గట్టు ఖాళీ. అడిగేవాడే అక్కడ లేడు. అయినా ఎవరో అడిగినట్టయింది. వినబడిందో, అనిపించిందో ఆయనకే తెలియాలి.

"ఎవరికి?"

పొత్తన్న జన్ని ఆ ఖాళీ గట్టు వైపు తిరిగాడు. "నీ మనవరాలికే, గాసెమ్మా. నీ మనవరాలికే," అని చేపని గుండెకి హత్తుకుని భోరుమన్నాడు. తర్వాత కిందికి తెచ్చి కాచి పోశాడు. మనవడు బతికాడు. బతకడం మంచిదే, కాదనను. కానీ నాకెక్కడో కలుక్కుమంటుంది.

ఆయన ఊరి మధ్యకి వచ్చి, తన చేప కడుపుతో ఉన్నదేనని తనే చెప్పుకున్నాడు. తన పొయ్యిలో నిప్పు తనే ఆర్పుకున్నాడు. ఆయన ఇంటికి మొదట నిప్పు పట్టుకెళ్ళింది గాసెమ్మ పొరుగావిడే.

ఇప్పటికీ ఆ మడుగులో తొలకరికి చేప పడితే, అవతలి గట్టువాళ్ళు కడుపు సంగతి అడగరు. "ఎవరికి?" అంటారు. బాగున్నవాళ్ళు "మాకే" అని, గుడ్లుంటే వదిలేస్తారు. ఇంట్లో మనిషి మంచాన ఉన్నవాళ్ళు మాత్రం "గాసెమ్మ మనవరాలికి" అంటారు. ఇక రెండో ప్రశ్న ఉండదు. గట్టు మీద అందరూ గాలాలు పైకి తీసేసి, ఆ మనిషి దిగిపోయేదాకా మొహం పక్కకి తిప్పుకుంటారు.

ఆ పిల్ల పేరు చెప్పి ఎన్ని చేపలు కొండ దిగాయో, ఎంతమంది మంచాల మీంచి లేచారో లెక్కలేదు. ఆ పిల్ల మాత్రం ఒక్క గుక్క తాగలేదు.

ఊఁ కొట్టడం మానేశారేం? సరేలెండి. కథా అయిపోయింది.