గేదె దురదకు నిలిచిన గది

పేరయ్య మేస్త్రిని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఈ సంగతి తెలిసి కూడా మాలకొండయ్య ఉండబట్టలేక అడిగాడు.

ఆ ఏడు మా వైపు భూమి కాస్త కదిలింది. అటకల మీద గిన్నెలు దొర్లడం తప్ప నష్టమేమీ లేదు గానీ, ఊళ్ళో కట్టబోయే అంగన్‌వాడీ గోడల్లో ఇనుము వేసి తీరాలని పేరయ్య పట్టుబట్టాడు. ఆ పనిని తన పెద్ద శిష్యులిద్దరిలో ఒకరికి అప్పగిస్తానన్నాడు. పని దక్కినవాణ్ణి ఇక ఊరంతా మేస్త్రీ అని పిలుస్తుంది. ఆ పిలుపు కోసం మాలకొండయ్య కలలో కూడా తాపీ తిప్పుతున్నాడు. రెండో శిష్యుడు ఏడుకొండలుదీ అదే జబ్బు.

"ఇనుము చేతగానోడి గోడకు గదా మేస్త్రీ? తూకం గుండు వేసినా వెంట్రుకవాసి తేడా రాని నా గోడకెందుకు?" అన్నాడు మాలకొండయ్య.

పేరయ్య తన పెరట్లో సిమెంటు బస్తాలకు నాలుగంగుళాల గోడలతో ఓ చిన్న గది కట్టమన్నాడు. ఎదురెదురు గోడలు రెండు మాలకొండయ్యవి, మిగతా రెండు ఏడుకొండలువి. ఎవరిది బాగుంటే అంగన్‌వాడీ పని వాళ్ళదే.

ఇద్దరూ పోటీపడి కట్టారు. అద్దంలా ఉన్నాయి గోడలు. అయితే మూల దగ్గర తన గోడలోకి పక్కవాడి ఇటుక రావడం ఇద్దరికీ నామోషీ. ఎవరి గోడను వాళ్ళు నున్నగా ముగించేసి, మధ్య సందులో ఇంత సిమెంటు మాలు కూరి, పైన మెత్తి దాచేశారు. ఇనుము వేస్తే చేతగానితనం ఒప్పుకున్నట్టేనని దాని జోలికే పోలేదు.

గోడలు తడిపి, ఆరనిచ్చాక పేరయ్య వచ్చి చూశాడు. వెళ్ళి, తన గేదెను తోలుకొచ్చి మాలకొండయ్య గోడ పక్కన కట్టేశాడు. దానికి ఒళ్ళంతా పిడుదులు, ఒకటే దురద. గోడ కనబడగానే దానికి స్వర్గం కనబడినట్టయింది. అటూ ఇటూ ఊగుతూ రుద్దుకోసాగింది. మొదట నవ్విన మాలకొండయ్య, గోడ కూడా గేదెతోపాటు ఊగడం చూసి నవ్వు ఆపాడు. మూలలు రెండూ విడిపోయాయి. గోడ గోడంతా, ఒక్క ఇటుక వంకరపోకుండా, లోపలికి పడుకుంది. దాని కింద అతని అన్నం క్యారియరు కూడా పడుకుంది. మిగతా మూడు గోడలూ కర్మకు వచ్చిన చుట్టాల్లా చూస్తూ నిలబడ్డాయి.

ఏడుకొండలు పగలబడి నవ్వాడు. దురద తీరని గేదె పక్క గోడకు జరిగింది. అతని నవ్వు కూడా ఎంతోసేపు నిలవలేదు.

మళ్ళీ కట్టమన్నాడు పేరయ్య. ఈసారి గోడ రెట్టింపు లావు పెడతానన్నాడు మాలకొండయ్య. పేరయ్య ఒప్పుకోలేదు. "లావైతే నిలబడుద్దని ఎవరు చెప్పారురా? పడేటప్పుడు ఇంకా గట్టిగా పడుద్ది" అన్నాడు.

అవే నాలుగంగుళాల గోడలు. కాకపోతే మూలల్లో ఒకరి ఇటుక మరొకరి గోడలోకి కరిచేలా పేర్పించాడు. ప్రతి మూలలోనూ పునాది నుంచి ఊచలు నిలబెట్టించాడు. గుమ్మం పైన నాలుగు గోడల్నీ చుట్టివచ్చేలా ఇనుముతో కాంక్రీటు బెల్టు పోయించాడు. అది గట్టిపడ్డాక మళ్ళీ గేదె వచ్చింది. అది ఒక గోడను రుద్దితే నాలుగూ మూలిగాయి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఓ పగులు పాకింది. మేస్త్రి చూడకముందే పూడ్చేద్దామని మాలకొండయ్య సిమెంటు ముద్దతో పరిగెత్తాడు. పేరయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు.

"పగిలింది మేస్త్రీ" అన్నాడు మాలకొండయ్య.

"పగిలింది. పడిందా?"

ఆ మధ్యాహ్నం శిష్యులిద్దరినీ ఆ గదిలోనే, ఆ గోడకే ఆనించి కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు. బయట గేదె తన పని మానలేదు. మజ్జిగలో సిమెంటు పొడి రాలుతున్నా ఇద్దరూ చుక్క మిగల్చకుండా తాగారు. చెయ్యి కడుక్కుంటూ మాలకొండయ్యే ధైర్యం చేసి, ఇంతకీ అంగన్‌వాడీ ఎవరు కట్టాలని అడిగాడు.

పేరయ్య అప్పుడు మాత్రం జవాబు చెప్పాడు.

"ఇద్దరూ కట్టండి. పసిపిల్లలు పడుకునే చోటు. మూల దగ్గర ఏది ఎవరి ఇటుకో నాకు తెలియకూడదు."