పైడితల్లి బిగించని దీపం

విజయనగరంలో వేదవతిగారి దగ్గర తర్కం చదువుకున్నవాళ్లందరికీ ఆవిడ అలవాటు ఒకటి తెలుసు. శాస్త్రంలో సందేహం అడిగితే గంటసేపైనా చెప్పేవారు. బతుకులో సందేహం అడిగితే మాత్రం నోరు విప్పేవారు కారు. అడిగినవాళ్ల చేతికి ఏదో ఒక పని ఇచ్చేవారు.

ఒక ఆదివారం పొద్దున్నే హైమ అలాంటి సందేహంతోనే వచ్చింది. నీళ్లు పరీక్షించే ల్యాబులో ఆమె ఉద్యోగం. ఒక కాలనీ కోసం కొత్తగా కట్టిన ట్యాంకు నీళ్లలో ఆమెకు రోగక్రిములు కనిపించాయి. రెండోసారి పరీక్షించినా అదే ఫలితం. అయినా నీళ్లు తాగడానికి పనికొస్తాయని రాసిన కాగితం మీద తోటివాళ్లు ముగ్గురూ సంతకాలు చేసేశారు. నాలుగో సంతకం ఆమెది. రేపు కాక పై సోమవారం కుళాయిలకు నీళ్లు వదిలేలోగా అది పడాలి.

"అమ్మగారూ, అందరూ సరేనన్నచోట నేనొక్కదాన్నే కాదంటే, అది నిజాయితీ అవుతుందా, పొగరవుతుందా?"

వేదవతిగారు ఆమె చేతికి బకెట్ అందించారు. "చేపల షాపువాళ్లు వస్తున్నారు. కాస్త సాయం పట్టు."

హాల్లో కిటికీ పక్కన ఆవిడ అక్వేరియం ఉంది. నీళ్లు పాచిపట్టి, లోపలి చేపలు నీడల్లా కనిపిస్తున్నాయి. తొమ్మిది గోల్డ్‌ఫిష్‌లలో మూడు చచ్చిపోయాయి. మిగిలినవాటి ఒంటి మీద తెల్ల చుక్కలు.

షాపు యజమాని శేషగిరి వచ్చి, ఫిల్టరుకు తగిలించిన నల్లగొట్టం వైపు వంగి చూశాడు. అందులో యూవీ దీపం ఉంది. గొట్టానికున్న చిన్న అద్దంలోంచి నీలంగా మెరుస్తోంది. "దీపం భేషుగ్గా ఉంది మేడమ్. మీరే మేత ఎక్కువ వేస్తున్నారు."

అతనితో వచ్చిన పైడితల్లి అప్పటికే స్విచ్చి ఆపేసి, గొట్టం ఊడదీసి ఒళ్లో పెట్టుకుంది. నలభై ఏళ్ల మనిషి. ఇళ్లకు తిరిగి చేపల తొట్లు కడగడం ఆమె పని. "కాదండి అమ్మగోరూ. ఈ లైటు పనైపోనాది."

"వెలుగుతుంటే కనిపించడం లేదా?" అన్నాడు శేషగిరి.

"ఎలుగుతంది బాబూ. సత్తువే నేదు." ఆమె వేదవతిగారి వైపు తిరిగింది. ఫిల్టరులో మడ్డి ఆగిపోయాక, తేట నీళ్లు ఈ గొట్టంలోంచి మెల్లగా పోతాయని, నీళ్లలో తేలే పాచి, పురుగు దీపం దగ్గర చస్తాయని చెప్పింది. చంపే వెలుగు మన కంటికి కనపడేది కాదని, ఏడాది తిరిగేసరికి అది కాస్తా అడుగంటిపోతుందని చెప్పింది. "ఇది ఆపకుండా పద్నాలుగు నెలలు ఎలిగింది."

శేషగిరి ముఖం ఎర్రబడింది. ఆ దీపాలు మూడేళ్లు చూసుకోనక్కర్లేదని ఊళ్లో ఎన్నో ఇళ్లలో మాటిచ్చినవాడు అతనే. "తొట్లు కడిగేదానివి, నాకు పాఠాలు చెబుతావా? మేడమ్‌కి క్షమాపణ చెప్పి గొట్టం బిగించు."

"బిగించను."

"ఏమిటీ?"

"మీరు బిగించుకోండి బాబూ. నా సేత్తో బిగించి, బాగుందని అమ్మగోరికి సెప్పనేను."

వేదవతిగారు లేచి వెళ్లి వంటింట్లోంచి రెండు తెల్ల ప్లాస్టిక్ టబ్బులు తెచ్చారు. రెండింట్లోనూ ఆ పచ్చనీళ్లే పోయించి, కిటికీ దగ్గరే పక్కపక్కన పెట్టించారు. షాపు నుంచి కొత్త దీపం, ఒకేలాంటి రెండు చిన్న పంపులు తెప్పించారు. ఒక టబ్బుకు పాత దీపం, ఒక టబ్బుకు కొత్తది. పాతదాన్ని శేషగిరే స్వయంగా అమర్చుకున్నాడు.

"వారం చూద్దాం," అన్నారు వేదవతిగారు.

"రెండూ ఒకేలా ఉంటే నీకు నా దగ్గర పని లేదు," అన్నాడు శేషగిరి.

"అలాగే," అంది పైడితల్లి.

హైమ రోజూ ఆఫీసు నుంచి తిన్నగా అక్కడికే వచ్చేది. మూడో రోజుకు రెండు టబ్బులూ పచ్చగానే ఉన్నాయి. శేషగిరి ఫోన్ చేసి, కనుక్కుని, గట్టిగా నవ్వాడు. పైడితల్లి వచ్చి చూసుకుని, పంపుల్లో చిక్కుకున్న నాచు తీసి వెళ్లిపోయింది. మర్నాడు ల్యాబులో పెద్దాయన హైమను పిలిచి, నీ ఒక్కదాని వల్ల అందరికీ మాటొస్తుందన్నాడు. ఆమె కాగితాన్ని సంచిలో పెట్టుకుని వచ్చేసింది. అయిదో రోజుకు కొత్త దీపమున్న టబ్బులో పచ్చదనం పలచబడినట్టు తోచింది. నిజమేనా, తన ఆశేనా అని ఆమె కళ్లు నులుముకుని చూసింది.

ఆదివారానికి ఆ టబ్బులో అడుగున అచ్చుపోసిన కంపెనీ పేరు అక్షరం అక్షరం చదవగలిగేంత తేటగా ఉన్నాయి నీళ్లు. రెండోదాంట్లో వేలు ముంచితే గోరు కనపడలేదు.

శేషగిరి రెండు టబ్బుల్లోకీ వంగి చూశాడు. "సరే, గెలిచావు. కస్టమర్ ముందు నా పరువు తీశావు. రేపట్నించి రాకు."

"రాను," అంది పైడితల్లి. కొత్త దీపాన్ని అక్వేరియం ఫిల్టరుకు బిగించి, చేతులు తుడుచుకుని లేచింది. "మిగతా ఇళ్లల్లో లైట్లు కూడా మార్చండి బాబూ. మీరు మార్చకపోతే ఆళ్లకి నానే ఎల్లి సెప్తాను."

అతను విసవిసా మెట్లు దిగిపోయాడు. ఆమె సంచి భుజాన వేసుకుంటుంటే, "వచ్చే ఆదివారం నువ్వే రా," అన్నారు వేదవతిగారు. ఆమె తలూపి వెళ్లింది.

ఇంట్లో పంపుల చప్పుడు మాత్రం మిగిలింది. హైమ సంచిలోంచి కాగితం తీసింది. మూడు సంతకాల పైన, నీళ్లు తాగడానికి పనికొస్తాయని ఉన్న వాక్యాన్ని కొట్టేసింది. తనకు వచ్చిన ఫలితాన్ని అంకెలతో సహా పక్కన రాసి, కింద సంతకం చేసింది. పేరు వంకరగా పడింది.

"చెయ్యి వణుకుతోంది అమ్మగారూ," అంది.

వేదవతిగారు కాగితం వైపు ఒకసారి చూశారు. "వణకనీ. మొన్న ఆ గొట్టం ఒళ్లో పెట్టుకున్నప్పుడు పైడితల్లి చేతులూ వణికాయి."